చివరి గరిటె మైనం

"దశావతారాల సెట్టులో పదకొండో బొమ్మ ఉందాండీ?"

బెంజ్ సర్కిల్ దగ్గరి కొండపల్లి బొమ్మల దుకాణంలో ఆ మాట అడిగిన మనిషిని కౌంటర్ వెనకున్న ముసలాయన ఎగాదిగా చూశాడు.

"ఉందండీ. రంగు ఆరలేదు."

"తడిదే ఇవ్వండి. నేను ఆరబెట్టుకుంటాను."

కోడ్ కుదిరింది. బొమ్మల బీరువా పక్కకి జరిగింది. ఏజెంట్ ఉదయభాస్కర్ మేడమెట్లు ఎక్కాడు. పదేళ్లుగా ఆ కోడ్ మార్చలేదు. నిజంగానే పదకొండో అవతారం కావాలని ఎవరైనా భక్తుడు వస్తే ఏం చేస్తారో అతనికి ఇప్పటికీ తెలీదు.

పైన చీఫ్ తిరుపతిరావు నిలబడే ఉన్నాడు. ఆయన నిలబడ్డాడంటే కొంప మునిగిందన్నమాట. కిటికీ పక్కన కుర్చీలో డయానా కూర్చుని ఉంది. ముదురు ఎరుపు చీర, నల్ల కళ్లద్దాలు. గడియారం డయల్ మణికట్టుకి లోపలివైపు వచ్చేలా కట్టుకోవడం ఆమె అలవాటు. టైం చూసుకున్నా ఎదుటివాడికి తెలియకూడదట. 'పెలికాన్' అనే విదేశీ ముఠాలో మూడేళ్లుగా ఉంటూ, అక్కడి కబుర్లు ఇక్కడికి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. డిపార్ట్‌మెంటులో ఆమెను చూసి టై సరిచేసుకోని మగవాడు లేడు. తిరుపతిరావు టై కూడా ఆ ఉదయం తిన్నగానే ఉంది.

"కూర్చో భాస్కర్. కాలిఫోర్నియం పోయింది."

"రాష్ట్రమా సార్?"

"జోకులొద్దు. ఆ రాష్ట్రం పేరు పెట్టుకున్న మూలకం. కాలిఫోర్నియం-252. భూమిని పాతాళం దాకా తవ్వినా దొరకదు. రియాక్టర్లో మనిషి వండుకోవాల్సిందే. నిన్న పొద్దున్న పామర్రు అవతల గ్యాస్ బావి సైట్లో మాయమైంది. ముప్ఫై మైక్రోగ్రాములు."

"అంటే ఎంతుంటుంది సార్?"

"దాని పక్కన ఆవగింజ పెడితే ఆవగింజ కొండలా కనపడుతుంది. చిటికెనవేలంత స్టీలు క్యాప్సూల్లో సీలు వేసి ఉంచుతారు. ఒక్కో మైక్రోగ్రామూ సెకనుకి ఇరవై మూడు లక్షల న్యూట్రాన్లు కక్కుతుంది. దానికి స్విచ్ ఉండదు, సెలవు ఉండదు."

"బావి దగ్గర దానికేం పని?"

"తీగకి కట్టి బావిలోకి దించుతారు. ఆ న్యూట్రాన్లు రాతిలోకి దూరి, ఎక్కడ నీరుందో ఎక్కడ గ్యాసుందో చెప్తాయి. విమానం రెక్కలో తేమ పట్టిస్తాయి. దాచిన పేలుడు మందు పట్టిస్తాయి. కొన్ని దేశాల్లో కేన్సర్‌కి వైద్యం కూడా చేశారు."

"బుద్ధిమంతురాలే. మరి పెలికాన్‌కి దాంతో ఏం అవసరం?"

జవాబు డయానా ఇచ్చింది. ఆమె గొంతు ఎప్పుడూ పైకి లేవదు. "రియాక్టర్ని రగిలించే అగ్గిపుల్ల కూడా అదే భాస్కర్. వాళ్లు ఒక దొంగ రియాక్టర్ కట్టుకున్నారు. పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. అగ్గిపుల్లే లేదు. పైగా ఈ సరుకు రెండున్నరేళ్లు దాటేసరికి సగానికి సగం అయిపోతుంది. అందుకే తొందర. రేపు పొద్దున్న గన్నవరం ఎయిర్‌పోర్టులో చేతులు మారుతుందని నాకు కబురు."

తిరుపతిరావు బల్లమీద ఒక ఫోటో పెట్టాడు. యాభై ఏళ్ల మనిషి, నెరిసిన మీసం, మెడలో సన్నటి సిలువ. "ఏసుపాదం. ఆ క్యాప్సూల్‌కి కాపలాదారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. తాళంచెవి అతని దగ్గరే ఉంది, తాళం పగల్లేదు. అతనే తీశాడని డయానా సమాచారం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం పట్టాం, కస్టడీలో ఉన్నాడు. సాయంత్రం ఆరింటికి ఢిల్లీ టీము వస్తుంది. దేశద్రోహం కేసు. ఆ కాగితం మీద సంతకం పడిందంటే అతను ఇక బయటికి రాడు."

"ఏమంటున్నాడు?"

"'మైనం చూడండి సార్, మైనం చూడండి' అని ఒకటే పాట. భార్య గుణదలలో కొవ్వొత్తులు పోస్తుందిలే. బెంగపెట్టుకున్నాడు. సరుకు ఆ ఇంట్లోనే ఉంటుందని డయానా అనుమానం. వెళ్లి చూడు."

తర్వాత ఆయన సొరుగులోంచి ఒక బొమ్మ తీశాడు. తెల్ల పొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగు, దాని మీద మావటివాడు. "అంబారీలో డిటెక్టర్ ఉంది. న్యూట్రాన్లు తగిలితే మావటి తలపాగా ఎర్రగా వెలుగుతుంది. స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో, టోల్‌గేట్లలో ఇవే గేట్లు పెట్టించాం. సీసం పెట్టెలో పెట్టినా దాగదు. న్యూట్రాన్లు సీసాన్ని లెక్కచెయ్యవు."

"ఏనుగు కంట్లో ఆకుపచ్చ లైటేంటి సార్?"

"అది గామా కిరణాలకి. పట్టించుకోకు. గ్రానైట్ బండకీ వెలుగుతుంది, స్కానింగ్ కోసం ఇంజెక్షన్ చేయించుకుని వచ్చిన పేషెంట్‌కీ వెలుగుతుంది. నిన్న ఒక్కరోజే స్టేషన్లో పదిహేడుమంది ముసలివాళ్లని ఆపి క్షమాపణలు చెప్పుకున్నాం."

డయానా నవ్వింది. భాస్కర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు గురించి తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

మధ్యాహ్నం మూడింటికి గుణదల కొండ కింద ఇసక వేస్తే రాలడం లేదు. మేరీమాత ఉత్సవాలకి అది ఆఖరి రోజు. గుండ్లు చేయించుకున్నవాళ్లు, కొబ్బరికాయలు, పిల్లల ఏడుపులు, మైకులు. కొండదారికి పక్కసందులో 'మార్త క్యాండిల్స్' అన్న బోర్డు కింద, మైనం కాగుతున్న గంగాళం ముందు, ముక్కుసూటి మొహంతో ఒకావిడ నిలబడి గరిటె తిప్పుతోంది.

భాస్కర్ లాల్చీ, పంచె, చేతిసంచితో మారువేషంలో ఉన్నాడు. "నమస్కారమండీ. పామర్రు నుంచి వచ్చాను. మైనం వ్యాపారం. హోల్‌సేల్‌గా..."

"చేతులు చూపించండి."

భాస్కర్ చూపించాడు.

"మైనం వ్యాపారం చేసేవాడి చేతిమీద ఒక్క కాలిన మచ్చ లేదేంటండీ? కూర్చోండి. నిన్నట్నుంచీ ఇల్లు వెతకడానికి మీరు నాలుగోవారు. మొదటాయన గ్యాస్ మనిషినన్నాడు, రెండో ఆయన ఓటర్ల జాబితా అన్నాడు. మీ ఆఫీసులో నిజం చెప్పడానికి ఎవరూ లేరా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయి, దాని స్థానంలో మొండితనం గడ్డకట్టింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో భాస్కర్ వేషం ఒక్క నిమిషంలో ఊడగొట్టిన మొదటి మనిషి ఆమే. అతనికి కోపం రాలేదు. ముచ్చటేసింది.

"ఉన్నారండీ. నేనున్నాను," అన్నాడు. "నా పేరు ఉదయభాస్కర్. మీవారి మీద పడ్డ కేసు సంగతి చూడ్డానికి వచ్చాను. ఆరింటిదాకా టైముంది."

సంచిలోంచి ఏనుగుని తీసి ఇల్లంతా తిప్పాడు. తలపాగా వెలగలేదు. అచ్చుల దగ్గర, మంచం కింద, బైబిలు పెట్టె వెనక, ఎక్కడా వెలగలేదు. మార్త గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"మా ఆయన దొంగైతే ఇరవై రెండేళ్లు ఆగుతాడా బాబూ? ఊళ్లో ప్రార్థనలు చెప్పే ఉపదేశి కొడుకు. చర్చిలో కానుక పళ్లెం పట్టుకుంటే వేళ్లు తగలకుండా అంచు పట్టుకునే మనిషి. తీసుకెళ్తుంటే అందరి ముందూ సంకెళ్లు వేశారు. నేను ఊరుకోను. ఢిల్లీ కాదు, ఢిల్లీ తాత వచ్చినా ఊరుకోను."

"మైనం చూడమంటున్నాడట, మార్తగారూ. ఎందుకంటారు?"

"ఎందుకేంటి, ఆయన సరుకుకి తొడుగు మైనమేగా! ఆ గొట్టాన్ని బావిలోంచి తీశాక మైనం పోసిన పీపాలో పెడతారు. 'నీ మైనం లేకపోతే నా ఉద్యోగం లేదు మార్తా' అని ఏడిపించేవాడు. న్యూట్రాన్ గోలీకాయ లాంటిదట. గోలీకాయని ఇనపగుండుకి కొడితే ఎగిరి వెనక్కొస్తుంది, జోరు తగ్గదు. అదే ఇంకో గోలీకి కొడితే ఆగిపోతుంది. సీసం ఇనపగుండట. మైనం నిండా గోలీలేనట, దాని గోలీ సైజువే. హైడ్రోజనో ఏదో అంటాడు."

భాస్కర్ చేతిలో ఏనుగు ఆగిపోయింది. డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీలు ముగ్గురున్నారు. పీపా సంగతి ఒక్కడికీ తట్టలేదు. మైనం అనగానే అందరికీ పెళ్లామే గుర్తొచ్చింది.

"ఇంకేం చెప్పేవాడు?"

"మైనం న్యూట్రాన్ని మింగితే ఊరికే ఉండదట, త్రేనుస్తుందట. ఆ త్రేనుపేంటో నేను అడగలేదు."

"గామా," అన్నాడు భాస్కర్ తనలో తను. ఏనుగు కన్ను. పట్టించుకోకన్న కన్ను.

"మార్తగారూ, ఈ రెండ్రోజుల్లో బాగా పెద్ద కొవ్వొత్తి ఏదైనా పోశారా?"

"మనిషి బరువు మొక్కు ఒకటి పోశాను. జబ్బు నయమైతే మనిషి బరువు మైనం ఇస్తామని మొక్కుకుంటారుగా. శాలిని అని ఒకమ్మాయి. భర్తకి బాలేదట. అరవై రెండు కిలోలు. మూరెడు లావు, మూరెడు ఎత్తు. అంత దిమ్మ చల్లారేటప్పుడు నడిమధ్య కుంగిపోయి గుంట పడుతుంది. మర్నాడు ఆ గుంట నింపాలి. ఆ చివరి గరిటె మొక్కుకున్నవాళ్ల చేత్తో పోయించడం మా అత్తగారి కాలం నుంచీ ఆనవాయితీ. మనసులో మాట చెప్పుకుంటూ పోస్తారని వాళ్లని ఒంటరిగా వదిలేస్తాం."

"ఎంత లోతు గుంట?"

"జానెడు పైనే ఉంటుంది."

"ఎప్పుడు పోసింది?"

"నిన్న మధ్యాహ్నం. అప్పుడే మా ఆయన్ని తీసుకుపోయారని ఫోనొచ్చింది. తలుపు బయట నేను ఏడుస్తుంటే, లోపల్నించి వచ్చి నా కళ్లు తుడిచింది బాబూ. 'ధైర్యంగా ఉండండి ఆంటీ' అంది."

"గడియారం ఎలా పెట్టుకుంది?"

మార్త ఒక్క క్షణం ఆలోచించింది. తన మణికట్టు తిప్పి, లోపలివైపు వేలు పెట్టి చూపించింది.

ఏ వేషంలోనైనా సైటుకి వెళ్లగలిగేది, తాళంచెవి అచ్చు తీయగలిగేది, నేరం ఏసుపాదం నెత్తిన రుద్దగలిగేది, పోలీసులందరినీ గన్నవరం వైపు చూడమనగలిగేది ఎవరు? ఇంటి దొంగ దొరకలేదు. ఇంటి దొంగ కుర్చీలో కూర్చుని బ్రీఫింగ్ ఇచ్చింది.

"దిమ్మ ఎక్కడుంది?"

"రెండింటికే ట్రాలీ ఆటోలో తీసుకెళ్లింది. వేళాంగణ్ణి మాత మొక్కట. ఐదూ నలభై చెన్నై బండికి పార్సిల్ వేస్తానంది. వత్తి ముట్టించి చూపిస్తానంటే వద్దంది. వత్తి లాగి చూస్తానన్నా వద్దంది. తొందరట."

"మీరు వస్తారా స్టేషన్‌కి?"

మార్త గంగాళం కింద మంట ఆర్పి, చెప్పులేసుకుంది. "నా మైనాన్ని దొంగసరుకుకి దుప్పటి చేసినదాని మొహం చూడాలి. పదండి."

తిరునాళ్ల జనంలో అక్కణ్ణించి స్టేషన్‌కి గంటన్నర పట్టింది. దారిలో భాస్కర్ ఫోన్ చేశాడు. తిరుపతిరావు ఆవులించి మరీ విన్నాడు.

"నీకు మతి పోయిందా భాస్కర్? డయానానా? ఆవిడ గన్నవరంలో ఉంది. స్టేషన్ గేటులో న్యూట్రాన్ అలారం ఒక్కటీ మోగలేదు. ఉత్సవాల రోజున భక్తురాలి మొక్కు కొవ్వొత్తి పగలగొడితే ఊళ్లో ఏమవుతుందో తెలుసా? ముట్టుకోవడానికి వీల్లేదు. ఇది ఆర్డర్."

"సిగ్నల్ సరిగ్గా లేదు సార్," అని భాస్కర్ ఫోన్ ఆపేశాడు. సిగ్నల్ నాలుగు గీతలూ నిండుగా ఉంది.

ఐదూ ముప్ఫై ఒకటి. ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం మీద చెన్నై రైలు నిలబడి ఉంది. పార్సిల్ పెట్టె తలుపు ముందు తోపుడు ట్రాలీ మీద తెల్లటి దిమ్మ, దానికి బంతిపూల దండ. పక్కన తెల్లచీరలో, తలమీద ముసుగుతో, చేతిలో జపమాలతో డయానా. ఆమెకి తోడుగా పొడుగాటి తెల్లదొర ఒకడు, గుండుతో, మెడలో పెద్ద సిలువతో. బ్రదర్ అంతోన్ అని టికెట్టు మీద పేరు. ట్రాలీ న్యూట్రాన్ గేటు దాటి వచ్చిందని కాగితం మీద ముద్ర కూడా ఉంది.

భాస్కర్‌ని చూడగానే డయానా రెప్ప వెయ్యలేదు. దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "పాడుచెయ్యకు. అంతోన్ పెలికాన్ మనిషి. వాణ్ణి నమ్మించడానికే ఈ నాటకం. సరుకు ఇక్కడ లేదు, గన్నవరం వైపు వెళ్తోంది. నువ్వు ఇక్కడ గొడవ చేస్తే మూడేళ్ల నా శ్రమ బూడిదే. చూడు, గేటు కూడా మోగలేదు."

ఎంత నున్నగా చెప్పిందంటే, మార్త పక్కన లేకపోతే భాస్కర్ సెల్యూట్ కొట్టి వెనక్కి వెళ్లిపోయేవాడే. అతను సంచిలోంచి ఏనుగుని తీసి దిమ్మ పక్కన పెట్టాడు.

మావటి తలపాగా చీకటిగానే ఉంది. ఏనుగు కన్ను మాత్రం ఆకుపచ్చగా, ఆరకుండా వెలిగింది.

"అది గ్రానైట్‌కీ వెలుగుతుంది," అంది డయానా.

"మైనంలో గ్రానైట్ ఉండదమ్మా," అంది మార్త. "మైనంలో మైనం ఉంటుంది. పోసిన చెయ్యి నాది."

ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. ముందుకొచ్చి, దండ తీసి పక్కన పెట్టి, దిమ్మ మీద లేచి ఉన్న వత్తిని పిడికిట పట్టి లాగింది. ఒకే పోతలో పోసిన వత్తి అయితే ఇద్దరు లాగినా రాదు. ఇది సబ్బులో గుచ్చిన పుల్లలా వచ్చేసింది. జానెడు ముక్క. చివర కత్తెరతో కోసిన కోత.

చుట్టూ జనం పోగయ్యారు. మార్త ఆ ముక్కని పైకెత్తి అందరికీ చూపించింది.

"మూరెడు వత్తి నిలబెట్టి మైనం పోశాను. జానెడే ఉంది. మిగతా వత్తిని కోసి, ఆ చోట ఏం పెట్టావమ్మా? నా కళ్లు తుడిచినట్టు నటించి, నా మొగుడి చేతికి బేడీలు వేయించి, నా గరిటెతోనే పూడ్చావు కదా!"

గార్డు విజిల్ వేశాడు. అంతోన్ ఇంకేం ఆగలేదు. భాస్కర్‌ని భుజంతో ఒక్క తోపు తోసి, ట్రాలీని పార్సిల్ పెట్టెలోకి వేసిన పలక మీదికి నెట్టాడు. డయానా జపమాల వదిలేసింది. ఆ అరచేతిలో ఇప్పుడు చిన్న పిస్తోలు ఉంది.

ట్రాలీ పలక ఎక్కబోతుండగా మార్త వెళ్లి దిమ్మ మీద కూర్చుంది.

కూర్చుంది అంటే మామూలుగా కాదు. బస్సులో సీటు పట్టినట్టు, చీర కుచ్చిళ్లు సర్దుకుని, రెండు చేతులూ దిమ్మ అంచుకి బిగించి కూర్చుంది. ట్రాలీ చక్రం పలక అంచుకి తగిలి మొరాయించింది.

"లే!" అంది డయానా. పిస్తోలు మార్త నుదుటికి తిన్నగా ఉంది. మొదటిసారి ఆమె గొంతు పైకి లేచింది.

"లేవను. కాల్చుకో. ఇంతమంది ముందు కాల్చు."

"అమ్మా, దిగండి! కింద కాలిఫోర్నియం ఉంది!" భాస్కర్ అరిచాడు.

"జానెడు మైనం ఉంది బాబూ మధ్యలో! మా ఆయన లెక్క మీద నాకు నమ్మకం ఉంది, నా మైనం మీదా ఉంది. ఈ బండి వెళ్లిపోయేదాకా కదలను!"

రైలు కదిలింది. డయానా వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. భాస్కర్ చేతిలో ఆయుధం లేదు. ఉన్నదల్లా అంబారీ ఏనుగే. దాన్నే విసిరాడు. పొణికి కర్ర దూదిలా తేలిక. కానీ అంబారీలో డిపార్ట్‌మెంటు వారి డిటెక్టర్, బ్యాటరీలతో సహా ముప్పావు కిలో ఉంది. అది వెళ్లి గడియారం డయల్ మీదే తగిలింది. పిస్తోలు పేలి ప్లాట్‌ఫారం రేకు చిల్లుపడింది. రైల్వే పోలీసులు ఇద్దరు డయానా చేతులు వెనక్కి విరిచారు. అంతోన్ ట్రాలీ వదిలేసి కదిలే పెట్టెలోకి దూకబోతే, గుండు చేయించుకున్న భక్తులు నలుగురు వాడి లాల్చీ పట్టుకుని కిందికి లాగారు.

చెన్నై రైలు ఐదూ నలభై రెండుకి వెళ్లిపోయింది. అగ్గిపుల్ల బెజవాడలోనే ఉండిపోయింది.

రైల్వే పోలీసుల కబురు అందుకుని, ఆరింటికి పది నిమిషాల ముందు తిరుపతిరావు జీపు ప్లాట్‌ఫారం దాకా వచ్చింది. వెనక సీట్లోంచి ఏసుపాదం దిగాడు. బేడీలు తీసేశారు గానీ మణికట్ల మీద గుర్తులున్నాయి. అతను భార్య వైపు చూశాడు, దిమ్మ వైపు చూశాడు, దిమ్మ మీదే కూర్చున్న భార్యని మళ్లీ చూశాడు.

"దిగు మార్తా. ఇంక చాలు."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. పిస్తోలు ముందు బిగుసుకున్న మనిషి, ఆ చేతుల మీది గుర్తులు చూసి ప్లాట్‌ఫారం మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. భాస్కర్ అటు తిరిగి నిలబడ్డాడు.

తిరుపతిరావు గొంతు సవరించుకున్నాడు. "ఏసుపాదంగారూ, పొరపాటు జరిగింది. క్యాప్సూల్ తీయడానికి సీసం పెట్టె తెప్పించాను."

"సీసం దేనికండీ?" అన్నాడు ఏసుపాదం, పద్నాలుగోసారి చెప్పేవాడి ఓపికతో. "మైనం చూడండి సార్ అని నిన్నట్నుంచీ చెప్తున్నాను. నా పీపా వచ్చేదాకా ఇందులోనే ఉండనివ్వండి. ఇంతకంటే మంచి తొడుగు మీ దగ్గర లేదు."

ఢిల్లీ టీము సరిగ్గా ఆరింటికి స్టేషన్‌కే వచ్చింది. సంతకం పెట్టడానికి తెచ్చిన కాగితం మీద పేరు కొట్టేసి, డయానా పేరు రాసుకుంది. పామర్రు సైటు నుంచి పీపా వచ్చింది. పొడవాటి పట్టకారుతో, తన ఇరవై రెండేళ్ల అలవాటు చేతులతో, ఏసుపాదం క్యాప్సూల్‌ని దిమ్మలోంచి తీసి పీపాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూస్తే, తిరుపతిరావే దాన్ని తిరిగి అతని జేబులో పెట్టాడు.

పీపా వెళ్లిపోయాక చీలిన దిమ్మ ట్రాలీ మీద మిగిలింది. మార్త కళ్లు తుడుచుకుని దాన్ని వేలితో మీటి చూసింది.

"ఈ మైనం నాకిచ్చేస్తారా బాబూ? ఏం అంటుకోలేదు కదా దీనికి?"

భాస్కర్ ఏనుగుని తీసి పక్కన పెట్టాడు. తొండం విరిగింది గానీ డిటెక్టర్ పనిచేస్తోంది. తలపాగా వెలగలేదు. కన్ను కూడా వెలగలేదు.

"ఏమీ లేదండీ. తీసుకెళ్లండి. ఏం చేస్తారు?"

"మా ఆయన తిరిగొస్తే ఆయన బరువు మైనం ఇస్తానని నిన్ననే మొక్కుకున్నాను. ఇది సరిపోతుంది." ఆమె దిమ్మని చీరకొంగుతో తుడిచి, భాస్కర్ వైపు తిరిగింది. "మీరూ రండి. కానీ చివరి గరిటె మాత్రం నేనే పోస్తాను."